సీటు వచ్చింది... ఫీజు ఎక్కడిది?

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన నాటినుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా మన బస్తీల్లో, పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. ర్యాంకు వచ్చింది, సీటూ వచ్చేలా ఉంది. కానీ నాలుగేళ్ల చదువు లాగేదెలా? తండ్రి ఆటో నడుపుతుంటాడు, లేదా పండ్లబండి పెట్టుకుని ఉంటాడు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంటుంది. ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ప్రతివారూ ఒక సలహా ఇచ్చి వెళతారు. 'మంచి మార్కులొచ్చాయి కదా భాయీ, స్కాలర్‌షిప్ అదే వస్తుంది' అని ఒకరు. 'మనకు రిజర్వేషన్ ఉంది, ఇక ఫీజు ఉండదు' అని ఇంకొకరు. 'జకాత్ కమిటీ వాళ్లను కలవండి' అని మరొకరు.

ఈ మూడు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోవడం వల్లనే కొందరు పిల్లలు వచ్చిన సీటు వదులుకుంటున్నారు. మరికొందరు చేరి, రెండో ఏట ఫీజు కట్టలేక మధ్యలో ఆగిపోతున్నారు. కాబట్టి అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయం అంటే ఏమిటో, అది ఏ ద్వారం గుండా వస్తుందో తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాలి.

ప్రతిభకు బహుమతి కాదు

విద్యార్థులకిచ్చే సాయం ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ప్రతిభను చూసి ఇచ్చేది. మొదటి ర్యాంకు వచ్చినవాడు కోటీశ్వరుని కొడుకైనా సరే, అతనికే అందుతుంది. రెండోది అవసరాన్ని చూసి ఇచ్చేది. సీటు సంపాదించుకునేంత యోగ్యత విద్యార్థిలో ఉంటే చాలు, ఆ తరువాత చూసేది ఇంటి ఆర్థిక స్థోమతనే. ఈ రెంటినీ కలిపి, కనీస మార్కులు, ఆదాయ పరిమితి రెండూ పెట్టే పథకాలు కూడా ఉన్నాయి.

అవసరాన్ని లెక్కగట్టే సూత్రం చాలా సులభం. చదువుకు అయ్యే మొత్తం ఖర్చులోంచి ఆ కుటుంబం నిజంగా పెట్టగలిగింది తీసివేయాలి. మిగిలిందే అవసరం. అమెరికాలో ప్రభుత్వ సాయం చాలావరకు ఈ లెక్క మీదనే నడుస్తుంది. అక్కడ కుటుంబ ఆదాయం, ఆస్తి, ఇంట్లో ఎంతమంది ఉన్నారనేది ఒక దరఖాస్తులో నింపితే ఒక అంకె వస్తుంది. దాన్ని బట్టి పేద విద్యార్థులకు తిరిగి చెల్లించనక్కరలేని పెల్ గ్రాంటు ఇస్తారు. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అయితే అది ప్రధానంగా ఆ దేశ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఉద్దేశించినది. హైదరాబాదు నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లే పిల్లలకు ఆ ప్రభుత్వ సాయం రాదు. ఈ సంగతి తెలియక 'అక్కడికి వెళ్తే వాళ్లే చదివిస్తారు' అనుకునేవారు ఇప్పటికీ కనబడుతుంటారు.

మన దగ్గర ఇంత సూక్ష్మంగా లెక్క ఉండదు. ఆదాయానికి ఒక గీత గీస్తారు. గీతకు ఈవల ఉన్నవారికి సాయం, ఆవల ఉన్నవారికి సున్న. ఏడాదికి 1,99,000 సంపాదించే ఇంటికి వచ్చేది 2,01,000 సంపాదించే ఇంటికి రాదు. ముగ్గురు పిల్లలు కాలేజీలో ఉన్న ఇంటినీ, ఒక్కడే ఉన్న ఇంటినీ ఒకే గాటన కడతారు. ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నాడా, అప్పు ఎంత ఉంది అని ఎవరూ అడగరు. ఈ పద్ధతిలోని పెద్ద లోపం ఇదే. సమాజపరంగా నడిచే నిధులు సరిదిద్దవలసిందీ దీన్నే. ఆ విషయానికి తరువాత వస్తాను.

ఖర్చు లెక్కలో కూడా పొరపాటు జరుగుతుంది. చాలామంది ట్యూషన్ ఫీజు ఒక్కటే ఖర్చు అనుకుంటారు. హాస్టలు, మెస్సు, బస్సు పాసు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, ఇప్పుడైతే లాప్‌టాప్... ఇవన్నీ కలిపితే కొన్ని కోర్సుల్లో ట్యూషన్ ఫీజును మించిపోతాయి. వీటన్నిటికన్నా కాగితం మీద కనిపించని ఖర్చు మరొకటి ఉంది. సెలవుల్లో అబ్బాతోపాటు దుకాణంలో కూర్చుని రోజుకు నాలుగైదు వందలు తెచ్చే కొడుకు కాలేజీకి వెళితే ఆ ఆదాయం ఆగిపోతుంది. పేద ఇంటికి అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. అందుకే పాత కాలంలో విద్యార్థికి ఫీజు లేకుండా చేసి ఊరుకోలేదు. 13వ శతాబ్దంలో బాగ్దాద్‌లో వెలసిన ముస్తన్‌సిరియా విద్యాలయంలో విద్యార్థులకు వక్ఫ్ ఆదాయం నుంచి వసతి, భోజనం, నెలసరి భత్యం కూడా ఇచ్చేవారు.

సీటు వేరు, ఫీజు వేరు

ఇక 'రిజర్వేషన్ ఉంది కదా' అనే మాట సంగతి. రిజర్వేషన్ సీటు ఇప్పిస్తుంది. ఫీజు కట్టదు. ఫీజు సాయం ఆదాయాన్ని బట్టి వస్తుంది. ఈ రెండు కాగితాలు వేరు, ఇచ్చే శాఖలు వేరు, షరతులు వేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను బి.సి.-ఇ గ్రూపులో చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. షేక్‌లు, ఖురేషీలు, ఫకీర్లు, అత్తరు సాయబులు, లబ్బీలు మొదలైనవారు ఈ గ్రూపులో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగలులు, అరబ్బులు, బొహ్రాలు మొదలైనవారు లేరు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు అంతకు చాలాముందు నుంచే బి.సి.-బి గ్రూపులో ఉన్నారు.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. 'మేము సయ్యద్‌లం, మాకు బి.సి. సర్టిఫికెట్ రాదు, కనుక ఫీజు రీయింబర్స్‌మెంటూ రాదు' అనుకుని దరఖాస్తే చెయ్యరు. అది నిజం కాదు. ఫీజు సాయం మైనారిటీ విద్యార్థిగా, ఆదాయ పరిమితికి లోబడి దరఖాస్తు చేసుకోవచ్చు. అలాగే 2019లో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటా కూడా ఏ రిజర్వేషన్ పరిధిలోకీ రాని ముస్లిం కుటుంబాలకు వర్తిస్తుంది. దానికి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఆస్తిపరమైన షరతులు కూడా ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ తహసీల్దారు కార్యాలయం నుంచి కౌన్సెలింగ్‌కు ముందే తెచ్చుకోవాలి. సీటు అయిపోయాక తెచ్చిన కాగితం ఎందుకూ పనికిరాదు.

రీయింబర్స్‌మెంట్: చూపేది ఎంత, కప్పేది ఎంత?

తెలుగునాట పేద పిల్లల ఉన్నత చదువును మలుపు తిప్పిన పథకం ఫీజు రీయింబర్స్‌మెంటే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో అది వృత్తి విద్యా కోర్సులకు విస్తరించాక, అంతకు ముందు ఇంజనీరింగ్ కాలేజీ గేటు కూడా చూడని ఇళ్లలోంచి పిల్లలు పట్టాలు పుచ్చుకుని బయటికి వచ్చారు. పాతబస్తీలోనూ, గుంటూరు, కర్నూలు, కడప మొహల్లాల్లోనూ ఇంటికి తొలి ఇంజనీరు అయినవారిలో చాలామంది ఆ కాలంవారే.

దీనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి కళాశాలకు చెల్లించే ట్యూషన్ ఫీజు. కాగితాల్లో దాన్ని ఆర్.టి.ఎఫ్. అంటారు. రెండోది విద్యార్థి పోషణకిచ్చే భత్యం, ఎమ్.టి.ఎఫ్. రెండిటికీ ఒకే దరఖాస్తు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు పెట్టిన ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత అమలైన విద్యాదీవెన పథకంలో ఆ పరిమితిని 2.5 లక్షలుగా పెట్టారు. భోజన, వసతులకు వసతి దీవెన పేరిట ఐ.టి.ఐ. విద్యార్థికి ఏటా 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ, ఆపై చదువులకు 20 వేలు అని నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారాక ఫీజును తల్లుల ఖాతాలో కాక నేరుగా కళాశాలలకే చెల్లించే పద్ధతికి వచ్చారు. పథకాల పేర్లు ప్రభుత్వాలతోపాటు మారుతుంటాయి. మీరు మాత్రం పేరు పట్టుకోకండి, ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఆదాయ పరిమితి ఎంత, ఫీజు ఎంతవరకు ఇస్తారు అనే రెండు గీతలు చూసుకోండి.

ఆ రెండో గీతే అసలు కీలకం. తెలంగాణలో ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు వచ్చిన మైనారిటీ విద్యార్థికి మొత్తం ఫీజు వస్తుంది. ర్యాంకు 10 వేలు దాటితే గరిష్ఠంగా 35 వేలే. కళాశాల ఫీజు 1,10,000 అనుకుందాం. ప్రభుత్వం ఇచ్చే 35 వేలు పోగా ఏటా 75 వేలు తండ్రి కట్టుకోవాలి. నాలుగేళ్లకు 3 లక్షలు. అదే విద్యార్థి ఫీజు 45 వేలున్న కళాశాలను ఎంచుకుంటే ఏటా 10 వేలే తగ్గుతుంది. కనుక వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కళాశాల పేరు పక్కనే ఫీజు రాసుకుని కూర్చోవడం అవసరం. మంచి కళాశాల వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఆ 3 లక్షలు ఎక్కడినుంచి వస్తాయో ఆప్షన్ నొక్కక ముందే తేల్చుకోవాలి.

ఇంకొన్ని షరతులున్నాయి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఈ సాయం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. కౌన్సెలింగ్ ముగిశాక కళాశాలలోనే జరిపే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. 'ముందు చేరండి, ఫీజు సంగతి మేము చూసుకుంటాం' అని ఫోన్లు చేసే మధ్యవర్తుల మాట నమ్మి ఈ రెండు కోటాల్లో చేరినవారు ఏటా మోసపోతున్నారు. హాజరు 75 శాతం ఉండాలి. ఏడాది తప్పి మళ్లీ అదే తరగతి చదివితే ఆ ఏటి ఫీజు సొంతంగా కట్టుకోవాలి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో పేరు ఉంటే దరఖాస్తు నిలిచిపోతుంది. ఇది మన ఇళ్లలో మరీ ఎక్కువ. 'షేక్' ముందో వెనకో, 'బీ' ఉందో 'బేగం' ఉందో, 'మహమ్మద్'కు ఎన్ని రకాల వర్ణక్రమాలో! పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉండేలా చూసుకుంటే ఆరేళ్ల తరువాత మీసేవ చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

డబ్బు ఆలస్యమైతే

మంజూరు కావడం ఒకటి, విడుదల కావడం మరొకటి. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోవడం పాత కథే. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బకాయిల కోసం బంద్ కూడా పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య జరిగే ఈ గొడవలో నలిగేది విద్యార్థి. కోర్సు పూర్తయినా 'మీ ఫీజు రాలేదు, సొంతంగా కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో' అంటారు. ఉద్యోగం వచ్చిన పిల్లవాడు అప్పు తెచ్చి కట్టి కాగితాలు విడిపించుకుంటాడు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ దగ్గర పెట్టుకోరాదని యు.జి.సి. 2018లో స్పష్టంగా ఆదేశించింది. చేరేటప్పుడు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఈ ఆదేశం ప్రతిని దగ్గర పెట్టుకుని, నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగండి. అర్జీకి రశీదు తీసుకోండి. సమాధానం రాకపోతే విశ్వవిద్యాలయానికి, జిల్లా కలెక్టర్ ప్రజావాణికి అదే అర్జీ ప్రతితో వెళ్లండి. కౌంటరు దగ్గర నిలబడి బతిమాలేవారికన్నా కాగితం చేతిలో ఉన్నవారి మాటకు విలువ ఎక్కువ.

మూసిన తలుపులు, తెరిచి ఉన్నవి

సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చాక కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ప్రీ మెట్రిక్, పోస్ట్ మెట్రిక్, మెరిట్ కమ్ మీన్స్ అనే మూడు ఉపకార వేతనాలు ప్రారంభించింది. మన ఇళ్లలో చాలామందికి 'స్కాలర్‌షిప్' అంటే ఇవే. వృత్తి విద్యలకిచ్చే మెరిట్ కమ్ మీన్స్‌లో ఆదాయ పరిమితి 2.5 లక్షలు, ఏటా 20 వేల వరకు కోర్సు ఫీజు, హాస్టల్ విద్యార్థికి 10 వేల భత్యం ఉండేవి. అయితే ఈ పథకాలకు ఇచ్చిన ఆమోదం 2021-22తో ముగిసింది. 2022-23 నుంచి ఎనిమిదో తరగతిలోపు పిల్లలకు ప్రీ మెట్రిక్ నిలిపివేశారు. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్, విదేశీ విద్యారుణాల వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ కూడా అదే ఏడాది రద్దయ్యాయి. 2023లో ఈ వేతనాల పేరిట నకిలీ సంస్థలు సొమ్ము కాజేశాయని తేలి, కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. పేదపిల్లల పేరు చెప్పి దొంగలు తిన్నందుకు శిక్ష పేదపిల్లలకే పడినట్లయింది! ఏదేమైనా, పాత కరపత్రాలు పట్టుకుని ఈ పథకాల కోసం తిరిగి కాలం వృథా చేసుకోవద్దు.

మతంతోగాని, కులంతోగాని నిమిత్తం లేకుండా కేవలం ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయాలు కొన్ని ఉన్నాయి. మనవాళ్లు వీటివైపు చూడరు. అవి మైనారిటీ శాఖ గోడ మీద కనబడవు కాబట్టి కావచ్చు.

ఇంటర్ బోర్డులో తన గ్రూపులో పైనుండి 20 శాతం మందిలో నిలిచి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర విద్యాశాఖ డిగ్రీలో ఏటా 12 వేలు, పి.జి.లో 20 వేలు ఇస్తుంది. సగం ఆడపిల్లలకే. సాంకేతిక కోర్సుల్లో మొదటి సంవత్సరం చేరిన అమ్మాయిలకు ఎ.ఐ.సి.టి.ఇ. ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 50 వేలు. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు అర్హులు. ఇంజనీరింగ్ కళాశాలల్లో అదనంగా 5 శాతం సీట్లు ట్యూషన్ ఫీజు లేకుండా ఉంటాయి. వీటికీ 8 లక్షల పరిమితే, భర్తీ కౌన్సెలింగ్‌లోనే జరుగుతుంది. తెలంగాణలో విదేశీ చదువుకు 2015 నుంచి మైనారిటీ విద్యార్థులకు ఉన్న ముఖ్యమంత్రి ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షలు, ఆదాయ పరిమితి 5 లక్షలు.

ఐ.ఐ.టి.ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2016లో ఐ.ఐ.టి. ఫీజు ఏటా 90 వేలనుంచి 2 లక్షలకు పెంచారన్న వార్త అందరూ చదివారు. అదే ఉత్తర్వులోని రెండో సగం చదివినవారు తక్కువ. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్షనుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే 2 లక్షలకు బదులు సుమారు 67 వేలు. ఎన్.ఐ.టి.ల్లోనూ ఇదే పద్ధతి. హాస్టలు, మెస్సు ఖర్చులు వేరే ఉంటాయి. అయినా సరే, లెక్క వేస్తే, నగరంలోని ప్రైవేటు కళాశాలలో 35 వేల రీయింబర్స్‌మెంటుతో చదవడంకన్నా వరంగల్ ఎన్.ఐ.టి.లో చదవడమే పేద ఇంటికి చవకపడవచ్చు. 'అవి పెద్దవాళ్ల చదువులు' అని తొమ్మిదో తరగతిలోనే పిల్లవాడి మనసు విరిచేవారు ఈ లెక్క ఒకసారి చూడాలి.

అప్పు సంగతి

సాయం చాలనప్పుడు బ్యాంకు రుణం ముందుకు వస్తుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు గుర్తింపు పొందిన సంస్థల్లోని వృత్తి, సాంకేతిక విద్యారుణాలపై, చదువుకునే కాలం, ఆపై ఒక ఏడాది వరకు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మిలో, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండానే రుణం ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయమున్నవారికి 10 లక్షల రుణం వరకు వడ్డీలో 3 శాతం రాయితీ.

మన ఇళ్లలో ఇక్కడ వడ్డీ ప్రశ్న తప్పక వస్తుంది. ఒక వాస్తవం మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి. చదువుకాలంలో వడ్డీ ప్రభుత్వం కట్టినా ఒప్పందంలో వడ్డీ ఉంటుంది. గడువు దాటాక అది విద్యార్థి మీదనే పడుతుంది. 'వడ్డీలేని రుణం' అని ఏజెంటు చెప్పే మాట సగమే నిజం. మీరు విశ్వసించే ఆలిమ్‌కు ఈ రెండు భాగాలూ చెప్పి అడగండి, సగం చెప్పి అడిగితే జవాబు కూడా సగమే వస్తుంది.

జకాత్: కొలత ఉన్న సాయం

అవసరాన్ని బట్టి సాయం అనే ఆలోచన మనకు కొత్తది కాదు. జకాత్‌కు అర్హుడెవరో ధర్మశాస్త్రం కొలత పెట్టి మరీ చెప్పింది. ఉండే ఇల్లు, కట్టుకునే బట్టలు, చేతి పనిముట్లు, చదువుకునే పుస్తకాలు పక్కన పెట్టి, అప్పు తీసివేశాక, మిగిలినది 52.5 తులాల వెండి విలువ చేరకపోతే అతను తీసుకోవచ్చు. ప్రభుత్వం అడగని అప్పునూ, ఇంటి అవసరాలనూ ఈ లెక్క అడుగుతుంది. అయితే దీన్ని విద్యార్థికి వర్తింపజేయడంలో కొన్ని విషయాలు చాలామందికి తెలియవు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఆలిములు చెప్పేది ఇది.

యుక్తవయసు వచ్చిన కొడుకు, కూతురు విషయంలో చూసేది వారి సొంత ఆస్తి. తల్లి దగ్గర పది తులాల బంగారం ఉంటే దాని జకాత్ ఆమె ఇవ్వాలి. ఆ బంగారం మూలంగా కాలేజీ చదివే కొడుకు అనర్హుడు కాడు. సొంత పిల్లలకు, మనుమలకు జకాత్ ఇవ్వకూడదు. కానీ అన్న కూతురికి, చెల్లెలి కొడుకుకు, స్వంత తమ్ముడికి ఇవ్వవచ్చు, అవసరం ఉంటే వారికివ్వడమే మేలు. ఊరంతా తిరిగి రశీదులు కోయించుకునేవారు ఖాలా ఇంట్లో ఫీజు కట్టలేక ఆగిన పిల్లను చూడకపోవడం వింతే.

జకాత్ సొమ్ము అర్హుడి చేతికి, అతని సొంతంగా అందాలి. కమిటీ నేరుగా కళాశాల ఖాతాకు పంపేస్తే ఈ షరతు నెరవేరిందా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి సులువైన దారి ఉంది. చెక్కు విద్యార్థి చేతికివ్వాలి, లేదా 'నా తరఫున తీసుకుని నా ఫీజు కట్టండి' అని అతనిచేత ఒక కాగితం రాయించుకోవాలి. ఇక ఇచ్చేవారు 'ఇది జకాత్' అని ప్రకటించనక్కరలేదు. మనసులో సంకల్పం ఉంటే చాలు, బహుమతి అని చెప్పి ఇచ్చినా చెల్లుతుంది. మరి వేదిక ఎక్కించి, పెద్ద చెక్కు పట్టించి, తల వంచుకున్న అమ్మాయి ఫోటో పత్రికకు పంపడం ఎందుకు? ఆ ఫోటో చూసి మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టని పిల్లలు ఎందరో మనకు లెక్క తెలియదు.

అన్నిటికన్నా ఇరుకున పడేది పేద సయ్యద్ ఇంటి విద్యార్థి. బి.సి.-ఇ లో అతను లేడు. దైవప్రవక్త వంశీకులకు జకాత్ ఇవ్వరాదన్నది ఆలిములలో ఎక్కువమంది చెప్పే మాట, కనుక ఆ ద్వారమూ లేదు. ఇంటిపేరు గొప్పది, వంటింట్లో డబ్బా ఖాళీ. అడగడానికి మొహమాటం అడ్డు. ఆదాయాన్ని బట్టి వచ్చే ప్రభుత్వ సాయాలు అతనికి వర్తిస్తాయి. మిగిలిన లోటును జకాత్ కాని సొమ్ముతో, అంటే ఐచ్ఛిక దానంతో, కానుకగా, లేదా ఖర్జె హసనాగా తీర్చాలి. చాలా కమిటీల దగ్గర జకాత్ ఖాతా ఒక్కటే ఉంటుంది. రెండో ఖాతా ఒకటి, చిన్నదైనా, వేరుగా తెరిచిపెడితే ఇటువంటి విద్యార్థిని వట్టి చేతులతో పంపవలసిన పని ఉండదు.

నెలలు కలవకపోతే

మరో చిక్కు క్యాలెండరుది. మనవాళ్లు జకాత్ రంజాన్‌లో తీసి, పండుగలోపు పంచేస్తారు. ఫీజు గడువు మాత్రం జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. 2012లో రంజాన్ సరిగ్గా జూలై, ఆగస్టుల్లోనే వచ్చింది, ఆ ఏడు కమిటీల దగ్గర సొమ్ము ఉండగానే విద్యార్థులు వచ్చారు. చాంద్రమానం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కనుక 2025లో రంజాన్ మార్చిలో పడింది. మార్చిలో ఇంటర్ పిల్లలు పరీక్షలు రాస్తుంటారు. సీటు ఎక్కడ వస్తుందో, ఫీజు ఎంతో ఎవరికీ తెలియదు. ఆగస్టులో పిల్ల తండ్రి వెళితే 'అయ్యో, ముందే రావలసింది సాబ్' అంటారు. ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ముప్పయి మూడేళ్లకు గాని మళ్లీ మొదటికి రాదు.

జకాత్ రంజాన్‌లోనే తీయాలన్న నియమం లేదు. ఏడాది నిండిన రోజున తీయాలి, ముందుగానే ఇచ్చేయడానికీ వీలుంది. ఒకరిద్దరు దాతలైనా తమ వంతును ఆగస్టు లెక్కకు ముందుగా ఇవ్వడానికి సిద్ధపడితే మసీదు కమిటీ పని తేలికవుతుంది. ఫిబ్రవరిలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల పేర్లు రాసుకోవాలి. మే నెలలో ఆదాయం, కుల లేదా ఇ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్లు వచ్చాయా అని చూడాలి. సీటు కేటాయింపు ఉత్తర్వు వచ్చిన రోజున ఫీజు ఎంత, ప్రభుత్వం ఇచ్చేది ఎంత, ఇంట్లోవారు పెట్టగలిగేది ఎంత అని మూడు అంకెలు రాసుకుంటే లోటు తేలిపోతుంది. దానికి పది పేజీల దరఖాస్తు అవసరం లేదు. వితంతువైన తల్లిని భర్త మరణ ధ్రువపత్రంతో మూడుసార్లు తిప్పవలసిన పనీ లేదు. ఇల్లు తెలిసిన ఇద్దరు పెద్దలు వెళ్లి కూర్చుని మాట్లాడితే సరిపోతుంది. ఆ పిల్లకు ప్రభుత్వ సొమ్ము విడుదలయ్యేదాకా నాలుగు నెలలకు చేబదులిచ్చినా చాలు, చాలాచోట్ల సీటు నిలబడుతుంది. వచ్చిన సొమ్ము తిరిగి కమిటీకి చేరాక మరో ఇంటికి వెళుతుంది.